రక్షణ ఎవరికి? నిషేధం ఎవరికి?

మెక్సికో బాక్సింగ్ అనగానే జూలియో సీజర్ చావెజ్ పేరు చెప్తారు. లారా సెరానో పేరు మనలో ఎంతమందికి తెలుసు?

1994లో లాస్ వేగాస్‌లో చావెజ్ తలపడిన రాత్రే, అదే రింగులో, తన మొట్టమొదటి ప్రొఫెషనల్ పోటీలో ఆమె అమెరికన్ బాక్సర్ క్రిస్టీ మార్టిన్‌తో సరిసమానంగా నిలిచింది. ఆ పోటీ డ్రా అయింది. 1995లో ఐర్లండ్‌కు చెందిన డియర్‌డ్రె గోగర్టీని ఏడో రౌండులో ఓడించి ప్రపంచ టైటిల్ గెలిచింది. 1996లో మార్టిన్, గోగర్టీ తలపడ్డారు. టైసన్ పోటీకి ముందు జరిగిన ఆ ఆరు రౌండ్లనే మహిళా బాక్సింగ్‌కి మలుపుగా రాస్తున్నారు. ఒకరితో సమంగా నిలిచి, ఇంకొకరిని ఓడించిన సెరానోకి ఆ చరిత్రలో ఒక మూల దక్కింది.

సొంత నగరంలో ఆమెకి ఆ మూల కూడా లేదు. మెక్సికో నగరంలో 1947 నుంచీ స్త్రీల బాక్సింగ్ నిషేధం. న్యాయశాస్త్రం చదివిన సెరానో ఊరుకోలేదు. స్త్రీపురుషులు చట్టం ముందు సమానమని 1974లోనే రాజ్యాంగంలో రాసుకున్న దేశం తనని ఎలా ఆపుతుందని నిలదీసింది. 1999లో ఆ నిషేధం పోయింది. 2005లో తిహువానాలో జాకీ నావా ప్రపంచ టైటిల్ గెలిచిందంటే, ఆ దారి వెనక ఈ పోరాటం ఉంది.

బాక్సింగ్ మగ హింస కదా, అందులో మనకి వాటా ఎందుకని కొందరు మిత్రులు అడుగుతున్నారు. నేను బాక్సింగ్‌ని వెనకేసుకు రావడం లేదు. తలమీద దెబ్బలు మెదడుని పాడుచేస్తాయి, ఆడవాళ్ళదైనా మగవాళ్ళదైనా. అదే కారణమైతే ఇద్దరికీ ఆపండి. మగవాడికి అది వీరత్వం, ఆడదానికి ప్రమాదం ఎట్లా అయింది? ఇంట్లో రోజూ దెబ్బలు తినే స్త్రీ దగ్గరికి రాని రక్షణ, చేతికి గ్లోవ్స్ తొడుక్కున్న స్త్రీ దగ్గరికి మాత్రం పరుగెత్తుకొస్తుందెందుకు? దెబ్బ తినే స్త్రీని ఈ సమాజం భరిస్తుంది. కొట్టే స్త్రీనే భరించలేదు.

సెరానో కవిత్వం కూడా రాసింది. అందుకే ఆమెని 'రింగు కవయిత్రి' అన్నారు. ఆ పేరు రచయిత్రులమైన మనకి ముచ్చటగానే ఉంటుంది. నాకు మాత్రం అందులో ఒక క్షమాపణ వినిపిస్తుంది: కొడుతుంది గానీ, సున్నితమైన మనసున్నదే అన్నట్టు. చావెజ్‌ని ఎవరూ కవిత్వం అడగలేదు. ఆమె కవితల్ని తప్పక చదువుదాం. ఆమె పిడికిలిని మన్నించడానికి మాత్రం కాదు.