పులి కోసం పెట్టిన కన్ను

నల్లమలలో పులుల్ని లెక్కపెట్టేది ఇప్పుడు కెమెరాలే. కాలిబాటకు అటూ ఇటూ, మోకాలెత్తున కట్టిన జంట కెమెరాల ముందు ఏ వెచ్చని ఒళ్లు కదిలినా ఫొటో పడుతుంది. మన వేలిముద్రల్లాగే ఒక పులి చారలు మరో పులికి రావు, ఒకే పులికైనా కుడిపక్క చారలు ఎడమపక్కన ఉండవు. అందుకే రెండేసి కెమెరాలు. 2018 గణనలో దేశమంతటా 26,838 చోట్ల పెట్టిన కెమెరాలు దాదాపు మూడున్నర కోట్ల ఫొటోలు తీసి గిన్నిస్‌కెక్కాయి. వాటిలో పులులవి 76,651 మాత్రమే. పాదముద్రల లెక్కకన్నా ఈ కెమెరా లెక్క ఎంతో నమ్మదగినది, సందేహం లేదు. కానీ కెమెరాకు పులీ ఒకటే, కట్టెలకెళ్లే ఆడమనిషీ ఒకటే. కార్బెట్ అడవి చుట్టుపక్కల ఊళ్లలో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. కెమెరాలకు జంకి అక్కడి ఆడవాళ్లు అడవిలో పాటలు, గట్టి మాటలు తగ్గించారని అది చెప్పింది. మృగాల్ని దూరంగా ఉంచేది ఆ సందడే కదా! నల్లమల చెంచులకు అడవే ఇల్లు. అక్కడ బతికే వాళ్ల హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది కూడా. ఇంట్లో కెమెరా పెట్టేటప్పుడు ఇంటివాళ్లకు చెప్పొద్దా? ఎక్కడ పెడుతున్నారో గ్రామసభకు ముందే చెప్పాలి, మనుషుల ఫొటోలు వెంటనే చెరిపేయాలి, బయటపెట్టినవాళ్లను శిక్షించాలి. ఈ మూడూ పాటిస్తే పులుల లెక్కేమీ తప్పదు.