కుదురు కుండకు కావాలి, పిల్లలకు కాదు



తెలుగు ఇళ్ళలో పసిపిల్లల చెవిన రోజుకు అన్నిటికన్నా ఎక్కువసార్లు పడే మాట ఏదని ఎవరైనా అడిగితే, "కుదురుగా కూర్చో" అన్నదేనని తడుముకోకుండా చెబుతాను. ముప్పయి ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి కనుక, మాట వినగానే దాని పుట్టుపూర్వోత్తరాల మీదికి మనసు పోతుంది. గుండ్రని అడుగు గల కుండ దొర్లిపోకుండా దాని కింద పెట్టే చుట్టను కుదురు అంటారు. చెట్టు మొదట నీరు నిలవడానికి చేసే పాదు కూడా కుదురే. కుండకూ చెట్టుకూ కదలకుండా ఉండటమే క్షేమం. పిల్లవాడు కుండా కాడు, చెట్టూ కాడు. అయినా నగరాలలోని మన ఇళ్ళను చూస్తుంటే, ఇల్లు ఇల్లంతా పిల్లవాడి చుట్టూ బిగించిన ఒక పెద్ద కుదురులా తయారయిందనిపిస్తుంది. ఈ టపా ఆ ఇంటిని గురించే.

పిల్లలు కదలడం లేదనగానే మనం రెండు కారణాలు చెబుతాం. ఒకటి సెల్‌ఫోను, రెండవది ఆటస్థలాలు లేకపోవడం. రెండూ నిజమే. కాని అయిదేళ్ళ లోపు పిల్లల విషయంలో ఈ రెంటికన్నా ముందు నిలిచేది ఇల్లు. మూడేళ్ళ పిల్ల తనంత తాను మైదానానికి పోలేదు, ఎవరో ఒకరు తీసుకుపోవాలి. తీసుకుపోయేవారికి తీరిక లేనినాడు ఆ పిల్లకు హాలే మైదానం, హాలే వీధి, హాలే పెరడు. ఆ హాలులో చేయడానికి ఏమీ మిగలనప్పుడు ఫోను చేతికి వస్తుంది. యశోద బాలకృష్ణుణ్ణి రోటికి కట్టిందని మనకు భాగవతం చెబుతుంది. కట్టినా ఆయన ఆ రోటిని ఈడ్చుకుపోయి మద్దిచెట్లను కూల్చాడు. ఇప్పుడు మనం కట్టే రోలు అరచేతిలో ఇమిడేటంత చిన్నది. దానికి కట్టిన పిల్లవాడు మాత్రం అంగుళమైనా కదలడు.

కదలిక విలువ మన పెద్దలకు తెలియనిది కాదు. బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు వండి ఇరుగుపొరుగుకు పంచడం మన ఇళ్ళలో వేడుక. ఇప్పటికీ ఆ వేడుక జరిపే ఇళ్ళు ఉన్నాయి. పసిదేహం సాధించిన ఒక్కొక్క విజయానికి ఒక్కొక్క పిండివంట! భాష కూడా ఆ వేడుకలో పాలుపంచుకుంది. పారాడటం, దోగాడటం, తప్పటడుగులు వేయడం, గెంతడం, ఉరకడం, కుప్పించడం అని కదలికలోని ప్రతి ఛాయకూ ఒక మాట పెట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళ లోపు పిల్లల కోసం ప్రకటించిన మార్గదర్శకాలు చదివినప్పుడు నాకు ఈ పిండివంటలే గుర్తుకు వచ్చాయి. ఇంకా పాకడం రాని పసికందును, మెలకువగా ఉన్న వేళల్లో, రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా పడుకోబెట్టాలని అందులో ఉంది. ఏడాది నుంచి నాలుగేళ్ళ వరకు పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక కావాలి. మూడు, నాలుగేళ్ళవారికి అందులో 60 నిమిషాలైనా ఒళ్ళు వేడెక్కేటంత ఆట ఉండాలి. పిల్లలను బండిలోనో, ఎత్తు కుర్చీలోనో ఒక్క విడతకు గంటకు మించి బంధించి ఉంచకూడదు. కదలకుండా కూర్చుని తెర చూడటం ఏడాది పిల్లలకు అసలే కూడదు, రెండు నుంచి నాలుగేళ్ళవారికి గంటకు మించరాదు. మూడు గంటల కదలిక అంటే కొండంత లెక్కలా తోస్తుంది కాని, అడ్డుపెట్టకపోతే పిల్లలు దానిని తమంత తామే పూర్తిచేస్తారు. అడ్డం ఎక్కడుందన్నదే ప్రశ్న.

పాత ఇంటికీ నేటి ఫ్లాటుకూ ముఖ్యమైన తేడా వైశాల్యంలో లేదు, అంచెలలో ఉంది. గది, వసారా, పెరడు, అరుగు, వీధి అని పెరిగేకొద్దీ బిడ్డ ఒక్కొక్క అంచె దాటేది. ఏ అంచెలో ఉన్నా ఎవరిదో ఒకరి చూపు దాని మీద ఉండేది. వంటింటిలోని తల్లికి పెరడు కనబడేది, అరుగు మీద కూర్చున్న తాతకు వీధి కనబడేది. పిల్లను కనిపెట్టడానికని ఎవరూ పని మానుకోనక్కరలేదు, ఎవరి పని వారు చేసుకుంటూనే కనిపెట్టేవారు. ఫ్లాటులో ఉన్నవి రెండే అంచెలు: తలుపు లోపల, తలుపు వెలుపల. వెలుపల లిఫ్టు, దాని కింద కార్లు నిలిపే చోటు, గేటు దాటితే రోడ్డు. నాలుగో అంతస్తు వంటింట్లో నిలబడి కింద ఆడే బిడ్డను కాయడం ఏ తల్లికీ సాధ్యం కాదు. కనుక బిడ్డ బయట ఆడాలంటే పెద్దవారొకరు చేతిలో పని వదిలి వెంట వెళ్ళాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాలు చేసి చీకటిపడ్డాక ఇల్లు చేరే సంసారాలలో ఆ పెద్దవారు ఎవరు? నగరంలో పసివాడి పరుగును నిర్ణయిస్తున్నది వాడి కాళ్ళ బలం కాదు, పెద్దల తీరిక.

ఇక ఇంటి లోపలి సంగతి. హైదరాబాదులో మేముండే ఫ్లాటు హాలు పదహారు అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు. అందులో సోఫాసెట్టు, నడుమ అద్దం టీపాయి, టీవీ బల్ల, భోజనాల బల్ల. మిగిలిన ఖాళీలో మూడున్నరేళ్ళ మా మనుమరాలు దేనినీ గుద్దుకోకుండా తిన్నగా పరుగెత్తగలిగినవి ఆరు అడుగులు. ఆరు అడుగులకు ఒకసారి ఆగవలసిన పరుగు పరుగే కాదు. మా ఇంటికి అతిథులు నెలకు రెండు మూడుసార్లు వస్తారు, పిల్ల ముప్పయి రోజులూ ఉంటుంది. అయినా ఆ హాలు అమర్చినది అతిథుల కోసం. కోడలితో ఆలోచించి టీపాయిని బాల్కనీలోకి చేర్చి, సోఫాను గోడకు జరిపాము. అడుగులు పన్నెండయ్యాయి. ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే పిల్ల ఈ గోడ నుంచి ఆ గోడకు ఉరకడం మొదలుపెట్టింది. ఆమెకు ఎవరూ వ్యాయామం నేర్పలేదు. అడ్డం తీశాము, అంతే.

అడ్డాలన్నీ కొయ్యతో చేసినవి కావు. "కిందివాళ్ళు తిడతారు" అన్నది ఒక అడ్డం. కింది ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ ఉండవచ్చు, రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయే ఉద్యోగి ఉండవచ్చు. పైన గెంతితే వారికి నెత్తిన పిడుగు పడినట్లే ఉంటుంది, వారిని నిందించలేము. కాని ఒక్కసారి కిందికి వెళ్ళి, "ఏ వేళ మీకు ఇబ్బంది ఉండదు?" అని అడిగే ఇళ్ళు ఎన్ని? అడిగితే సాయంత్రం ఒక గంట దొరుకుతుంది. అడగకపోతే ఇరవై నాలుగు గంటలూ పిల్ల కాళ్ళు కట్టివేయవలసి వస్తుంది.

"ఆడపిల్లవు, ఆ గంతులేమిటి?" అన్నది మరొక అడ్డం. ఈ మాట నాలుగేళ్ళకే మొదలవుతుంది. మగపిల్లవాడు సోఫా మీది నుంచి దూకితే 'హుషారు', ఆడపిల్ల దూకితే 'అల్లరి'. ఒకే ఇంట్లో, ఒకే హాలులో, అన్నకు ఉన్నంత చోటు చెల్లెలికి లేకపోవడం మనం రోజూ చూస్తున్నదే. చదరపు అడుగులతో కొలవలేని ఈ ఇరుకును ఏ బిల్డరూ కట్టలేదు, మనమే కట్టాము.

పాతకాలమంతా బంగారమని నేను అనడం లేదు. ఆ పెరళ్ళలో గట్లు లేని బావులుండేవి. అరుగున్న ఇల్లు అందరికీ ఉండేది కాదు. ఆడపిల్లలను తొందరగా గడప లోపలికి లాగిందీ ఆ ఇళ్ళే. నేటికీ నగరపు బస్తీలో ఒకే గది ఉన్న ఇంటి పిల్లలు ఫ్లాటు పిల్లలకన్నా ఎక్కువ పరుగెత్తడం చూస్తుంటాను. తలుపు నేరుగా సందులోకి తెరుచుకోవడం, గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్న తల్లికి ఆ సందు కనబడటం దానికి కారణం. అదే సందులో తెరిచిన మురుగుకాలువ, దూసుకువచ్చే మోటారు సైకిళ్ళు కూడా ఉన్నాయి. కనుక ఆ ఇళ్ళను పొగడి ఊరుకోవడమూ న్యాయం కాదు. నేర్చుకోవలసినది ఒక్కటే: పిల్ల కదలడానికి చోటు ఎంత ముఖ్యమో, ఆ చోటు మీద పెద్దల చూపు ఉండటమూ అంతే ముఖ్యం.

ఈ సమస్య మనతోనే పుట్టలేదు. 1907లో రోము నగరంలోని సాన్ లొరెంజో అనే పేటలో పనివారి కోసం బాగుచేసిన పెద్ద నివాస భవనాలలో, తల్లిదండ్రులు పనికి పోయాక పసిపిల్లలు మెట్లమీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని యజమానులు విసిగిపోయారు. వారిని ఒకచోట ఉంచడానికి ఆ భవనంలోనే ఒక గది కేటాయించి మరియా మాంటిసోరీకి అప్పగించారు. గోడలు కాపాడుకోవడానికి ఇచ్చిన ఆ గదిలో ఆమె పిల్లలను కుదురుగా కూర్చోబెట్టలేదు. పిల్లలే మోసుకుపోగలిగే తేలికపాటి చిన్న బల్లలూ కుర్చీలూ చేయించి, వారిని తిరగనిచ్చింది. లోకమంతా పేరుపొందిన ఒక విద్యావిధానం అలా ఒక అపార్టుమెంటు తగవులో పుట్టింది. 1939లో ఆమె మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ కూడా ఇచ్చింది. ఆమె పేరు బోర్డుల మీద రాసుకున్న బడులు మన ఊళ్ళలో కొల్లలు. ఆమె ఇచ్చిన ఆ స్వేచ్ఛ మాత్రం మన ఇళ్ళ దాకా రాలేదు.

చట్టమూ కొంత ఆలోచించింది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాలు పెద్ద గృహసముదాయాలలో పసిపిల్లల ఆటకు 'టాట్‌లాట్' పేరుతో ఖాళీస్థలం విడవాలన్నాయి. ప్లానులో ఆకుపచ్చగా కనబడే ఆ చోటు నేల మీద ఎలా ఉందో మీ మీ అపార్టుమెంట్లలో దిగి చూడండి. జనరేటరు ఉందా? అతిథుల కార్లున్నాయా? గడ్డి తొక్కరాదన్న పలక ఉందా?

నాకు తోచిన ఉపాయాలు గొప్పవేమీ కావు. ముందు హాలులో ఒక పక్కనైనా గోడ నుంచి గోడకు దారి విడవండి. నున్నని టైల్సు మీద మేజోళ్ళు జారతాయి, వట్టి కాళ్ళతో తిరగనివ్వండి. బాల్కనీకి గ్రిల్లు తప్పనిసరి, దాని పక్కన ఎక్కడానికి వీలుగా కుర్చీలూ స్టూళ్ళూ ఉంచకండి. కిందికి దిగేటప్పుడు లిఫ్టు మాని పిల్ల చేయి పట్టుకుని రెండంతస్తులైనా మెట్లు దిగండి. ఆరిన బట్టలు అందించడం, మొక్కలకు చెంబుతో నీళ్ళు పోయడం, ఉల్లిపాయలు బుట్టలోకి చేర్చడం వారికి ఆటలే. తొక్కుడుబిళ్ళకు నాలుగు గీతలు చాలు, ఒప్పులకుప్పకు ఇద్దరు మనుషులు చాలు, దాగుడుమూతలకు ఒక తలుపు చాలు.

అన్నిటికన్నా పెద్ద లోటు పెద్దల చూపే అన్నాను. ఆ లోటు తీర్చగలవారు ఉన్నారు. నావంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి అపార్టుమెంటులోనూ పదిమంది ఉంటాము. సాయంత్రం టీవీ వార్తల ముందు గడిపే గంటను నలుగురం వంతులు వేసుకుని కింద కుర్చీలు వేసుకుని కూర్చుంటే, పదిళ్ళ పిల్లలు ఆడుకుంటారు, పది ఇళ్ళ తల్లులు నిశ్చింతగా ఉంటారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళం పరుగెత్తనక్కరలేదు, చూస్తూ కూర్చుంటే చాలు. ఫ్లాట్లలో అరుగులు కట్టలేము. అరుగు మీది తాత చేసిన పనిని మాత్రం చేయగలం.

మీ ఇంటి హాలులో మీ పిల్ల ఆగకుండా ఎన్ని అడుగులు పరుగెత్తగలదో ఈ సాయంత్రం లెక్కపెట్టి, ఆ అంకె కింద వ్యాఖ్యలో రాయండి. మీరు చిన్ననాడు గది దాటకుండా ఆడుకున్న ఆటలు ఏవైనా జ్ఞాపకం ఉంటే అవీ రాయండి. అన్నీ కలిపి మరొక టపాగా కూరుస్తాను.

సెలవు.