సిగ్గుతో దాచుకొనే బాధ



ఈ నెల మనము తలపోయబోయే సంగతిని మందిరములో ఎవరూ సాక్ష్యముగా చెప్పరు. ప్రార్థన మనవుల చీటీలోనూ రాయరు. అది మలబద్ధకము. మూడు నాలుగు రోజులకు గాని విరేచనము కాకపోవడం, అయినా గట్టిగా, నొప్పితో, ఎంతో ముక్కితే గాని రాకపోవడం, వెళ్ళి వచ్చిన తరువాత కూడా ఇంకా మిగిలి ఉన్నట్టు అనిపించడం దీని గుర్తులు.

"సంఘ పత్రికలో ఈ మాటలేమిటి అయ్యగారూ?" అని కొందరు అనుకోవచ్చు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము తెరచి 12, 13 వచనములు చదవండి. పాళెములో నివసించేవారు బహిర్భూమికి ఎక్కడికి వెళ్ళాలో, వెంట ఏ పనిముట్టు తీసుకొనిపోవాలో, తరువాత ఎలా కప్పివేయాలో దేవుడు వివరముగా చెప్పించాడు. మన దేహమును చేసిన దేవుడు ఈ సంగతి పలుకుటకు సిగ్గుపడలేదు. మనమెందుకు సిగ్గుపడాలి?

సిగ్గు వలన కలిగే నష్టము చిన్నది కాదు. గృహదర్శనములకు వెళ్ళినప్పుడు, "కడుపులో బాగుండడం లేదు, ప్రార్థన చేయండి అయ్యగారూ" అని మాత్రమే అంటారు. అసలు సంగతి మా ఇంటివారి చెవిలో చెబుతారు. ఒక తల్లి చాలా నెలలుగా నెత్తురు పడుతున్నా కన్నకొడుకుకు కూడా చెప్పలేదు. చివరికి ఆసుపత్రిలో చూపిస్తే మొలలని తేలింది, వైద్యముతో తగ్గింది. అందరికీ అలాగే తేలుతుందని చెప్పలేము. పెద్దపేగులో కాన్సరు కూడా నెత్తురుతోనే మొదట బయటపడవచ్చు.

పీచు చేసే పని

ధాన్యపు పొట్టులో, పప్పు తొక్కలో, ఆకులో, కాయలో, పండులో మన కడుపు అరిగించుకోలేని భాగము ఒకటి ఉంది. దానినే పీచు పదార్థము అంటారు. అరగదు గనుక పనికిరానిది అనుకోవద్దు. అది తడి గుడ్డవలె నీటిని పట్టి ఉంచుతుంది. అందువలన మలము మెత్తబడి, పరిమాణము పెరిగి, పేగు దానిని సులువుగా ముందుకు తోయగలుగుతుంది. పీచు, నీరు తగ్గితే మలము పెద్దపేగులో ఎక్కువసేపు నిలిచి, ఉన్న తడి కూడా ఇంకిపోయి గట్టిబడుతుంది.

ఈ సంగతిని లోకమునకు గట్టిగా చెప్పినవారిలో ఒకరు డాక్టరు డెనిస్ బర్కిట్. 1911లో ఐర్లండులో పుట్టిన ఈయన భక్తిగల క్రైస్తవుడు. చిన్నతనములోనే ఒక కన్ను పోయింది. అయినా శస్త్రవైద్యుడై, ఉగాండా దేశములో చాలాకాలము పనిచేశాడు. మిషను ఆసుపత్రులకు ఉత్తరాలు రాసి, ఎక్కడ ఏ రోగములు కనబడుతున్నాయో తెలుసుకొనేవాడు. ఇంగ్లండులో సాధారణమైన కొన్ని పేగు రోగములు ఆఫ్రికా పల్లెలలో అరుదుగా ఉండటం ఆయన గమనించాడు. 1972లో ఆయన, ఆయన సహచరులు ఒక లెక్క ప్రచురించారు. తెల్లరొట్టె తినే ఇంగ్లండువారి మలము రోజుకు సుమారు 100 గ్రాములు, ఉగాండా పల్లెవారిది 400 గ్రాములకు పైనే. తిన్న ఆహారము బయటికి రావడానికి వారికి మూడు రోజులకు పైగా పడితే, వీరికి ఒకటిన్నర రోజు చాలింది. 1993లో చనిపోయేవరకు ఆయన ఈ సంగతి చెబుతూనే ఉన్నాడు. ఆయన పీచు లోపముతో ముడిపెట్టిన రోగములన్నీ అలాగే రుజువు కాలేదు. మలబద్ధకము విషయములో మాత్రము పీచు మేలు నేటి వైద్యులూ ఒప్పుకొన్నదే.

మన కంచములో ఏమి మారింది?

మన తాతలు జొన్నరొట్టె, గటక, రాగిసంకటి, సజ్జరొట్టె, దంపుడు బియ్యము తిన్నారు. ఊరూరా మిల్లు వచ్చాక బియ్యము మల్లెపూవులా తెల్లగా ఉంటేనే గౌరవమనుకున్నాము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి ఎందరో పేదల ఆకలి తీర్చింది. అందుకు దేవునికి స్తోత్రము. అయితే మెట్ట ప్రాంతాలలో కూడా జొన్న, రాగి వెనుకబడి, వరి అన్నము ముందుకు వచ్చింది. నూరు గ్రాముల తెల్ల బియ్యములో పీచు మూడు గ్రాములకు లోపే. అదే తూకము జొన్నలలో, రాగులలో సుమారు పది గ్రాములు ఉంటుంది. పొట్టు తీయని పెసలలో పదిహేనుకు పైనే. పెరటిలోని జామపండు నూరు గ్రాములలో సుమారు ఎనిమిది. పెద్దవారికి రోజుకు సుమారు 30 గ్రాములు కావాలి. మూడు పూటలా తెల్ల అన్నము, పలుచని చారు, పచ్చడి మెతుకులతో అది పూర్తికాదు.

దీనికోసము పట్టణములో డబ్బాలు కొననక్కరలేదు. ఒక పూట అన్నము బదులు జొన్నరొట్టెగాని సంకటిగాని పెట్టుకోండి. రోజూ ఒక ఆకుకూర వండండి. తోటకూర, గోంగూర, మునగాకు ఏదైనా మంచిదే. చిక్కుడు, గోరుచిక్కుడు, బెండ వారములో తరచుగా ఉండాలి. సాయంకాలము పిల్లలకు బిస్కెట్ల బదులు అలసందల గుగ్గిళ్ళో, శనగల గుగ్గిళ్ళో పెట్టండి. మన ప్రేమ విందులలో కూడా కోడికూర, తెల్ల అన్నముతో పాటు ఒక కూరగాయ వంటకము ఉంటే అందరికీ మేలు.

నీళ్ళు లేని పీచు

ఇక్కడ తల్లులు, చెల్లెళ్ళు జాగ్రత్తగా వినాలి. పీచు ఎక్కువ తిని నీళ్ళు తాగకపోతే బాధ తగ్గదు సరికదా, పెరగవచ్చు. పత్తి చేలలో, మిరప తోటలలో పనిచేసే స్త్రీలు పొద్దున్నుండి సాయంకాలము వరకు నీళ్ళు తాగరు. దాహము లేక కాదు, తాగితే మరుగుకు వెళ్ళాలి, చేలో మరుగు ఉండదు. ఇంట్లో మరుగుదొడ్డి ఉన్నా పగలంతా వారు ఇంట్లో ఉండరు. వచ్చిన ఒత్తిడిని ఆపుకొంటూ పోతే కొంతకాలానికి ఆ ఒత్తిడే సరిగా తెలియకుండా పోతుంది.

ఇది ఆ సహోదరి ఒక్కతే తీర్చుకోగల సమస్య కాదు. పురుషులారా, మీ పొలములో కూలికి వచ్చే స్త్రీలకు ఒక చాటు, ఒక కుండ నీళ్ళు, కొంత విరామము ఏర్పాటు చేయండి. సంఘ పెద్దలారా, మందిరము ఆవరణములో స్త్రీలకు తాళము వేయని మరుగుదొడ్డి ఉన్నదా చూడండి. ఇదీ పొరుగువానిని ప్రేమించడమే.

ఎలా మొదలుపెట్టాలి?

ఒక్కరోజులో అంతా మార్చవద్దు. కడుపు ఉబ్బి, గాలి చేరి, "ఇది మనకు పడదు" అని మానేస్తారు. రెండు మూడు వారాలలో కొంచెం కొంచెంగా పెంచండి. రోజంతటిలో ఎనిమిది గ్లాసుల వరకు నీళ్ళు తాగండి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రము డాక్టరును అడిగి తాగాలి. ఉదయము ఏదైనా తిన్న తరువాత పేగులు సహజముగా కదులుతాయి. ఆ సమయములో తొందరపడక వెళ్ళి కూర్చోండి. కుర్చీ దొడ్డి వాడే వృద్ధులు పాదాల క్రింద చిన్న పీట వేసుకొంటే సులువు. నడవగలవారు రోజూ నడవాలి. నొప్పికి భయపడి ఆపుకొనే పిల్లలను తిట్టవద్దు, కొట్టవద్దు.

గర్భిణీ స్త్రీలకిచ్చే ఐరను మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు, థైరాయిడ్ లోపము కూడా మలబద్ధకము కలిగిస్తాయి. ఐరను మాత్రలు మీ అంతట మీరు మానక, నర్సమ్మతో చెప్పండి. ఆముదము, సునాముఖి, విరేచనపు మాత్రలు ఎవరినీ అడగకుండా రోజూ వాడటము మంచిది కాదు.

ఈ గుర్తులుంటే ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్ళండి: నెత్తురు పడటం, మలము తారువలె నల్లగా ఉండటం, కారణము లేకుండా బరువు తగ్గడం, యాభై దాటిన వయసులో అలవాటు హఠాత్తుగా మారడం. కడుపు ఉబ్బి, నొప్పి, వాంతులు ఉండి, గాలి కూడా వెళ్ళకపోతే ఆ గంటలోనే బయలుదేరండి. అప్పుడు విరేచనపు మందు అసలే ఇవ్వవద్దు.

తిమోతి కడుపు జబ్బు విషయములో పౌలు ఏమి చేశాడో మొదటి తిమోతి 5వ అధ్యాయము 23వ వచనములో చూస్తాము. ఎడతెగక ప్రార్థించే ఆ పౌలు, ఆ కాలపు వైద్యములో తనకు తెలిసిన ఉపాయము కూడా చెప్పాడు. మనమూ ప్రార్థిద్దాము, తినవలసినది తిందాము, చెప్పవలసినది చెబుదాము. ఈ పత్రిక చదివాక మీ ఇంట్లో పెద్దవారిని, అత్తగారిని, అమ్మను మెల్లగా అడగండి. అడిగేవారు లేకనే చాలామంది మౌనముగా ఉన్నారు.

ప్రభువు మీ కుటుంబములకు ఆత్మలోను దేహములోను స్వస్థత దయచేయును గాక. ఆమేన్.