డీజేకి అడ్వాన్సు, చెక్కభజనకు శాలువా

నంద్యాలలో ఏ ఫంక్షన్ హాల్లోనైనా భోజనాల దగ్గర జానపద కళల మాటెత్తి చూడండి. ‘పాపం, అంతరించిపోతున్నాయండీ, ప్రభుత్వమే ఏదో ఒకటి చేయాలి’ అని నలుగురూ ఒకే గొంతుతో అంటారు. బయట డీజే బాక్సులు అదరగొడుతుంటాయి. వాటికి నెల ముందే అడ్వాన్సు వెళ్లి ఉంటుంది. మరి చెక్కభజన వాళ్లను ఎందుకు పిలవలేదని అడిగితే, ‘అది దేవుడి కార్యాలకు కదా, పార్టీల్లో పెడితే కళను చులకన చేసినట్టు కాదూ?’ అని ఎదురడుగుతారు. వినడానికి ఎంతో గౌరవంగా ఉంటుంది. జేబులోంచి రూపాయి తీయకుండా చూపించగలిగే గౌరవం మరి.

డబ్బిచ్చి పిలిస్తే కళ చెడిపోతుందన్న వాదన మన చరిత్ర ముందు నిలవదు. తోలుబొమ్మలాడించుకునే వనారస వారు 1885లో కడప జిల్లా సురభిలో ఒక పెళ్లి సందర్భంగా, ఊరివాళ్లు కోరితే, బొమ్మలు పక్కనపెట్టి తామే వేషాలు కట్టి ‘కీచకవధ’ ఆడారు. తరతరాలుగా తెలుగు నేలంతా తిరిగిన సురభి నాటకం ఆ పెళ్లిలో పుట్టింది. ఆ పెళ్లివారికి మన సున్నితత్వం ఉండి ఉంటే మనకు సురభి ఉండేది కాదు.

అంత దూరం ఎందుకు, మన రేనాడునే చూద్దాం. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన మీద భారీ సినిమా వచ్చింది 2019లో. నడుమ నూట డెబ్బై ఏళ్లు ఆ కథను మోసింది తిరునాళ్లలో, ఇళ్ల ముంగిళ్లలో పాడి పొట్టపోసుకున్న గాయకులు. 1866 కరువులో వేలమందికి గంజి పోసిన బుడ్డా వెంగళరెడ్డి పేరూ వాళ్ల పాటల్లోనే బతికింది. వాళ్లకు చేటెడు గింజలో, పాత బట్టో, నాలుగు డబ్బులో ముట్టేవి. ముట్టాయి కాబట్టే మరో ఊరికి నడిచారు.

ఒక కళాకారుడితో పని ఎలా చేయించుకోవాలో మన ప్రాంతానికి తెలియదా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరికి వెళ్లండి. విగ్రహం ఎన్ని అడుగులు, ఏ రాయి, ప్రతిష్ఠ ఎప్పుడు అన్నీ మాట్లాడుకున్నాకే ఉలి కదులుతుంది. రాష్ట్రం దాటి ఆర్డర్లు వస్తాయి. ‘దేవుడి బొమ్మ కదా, దక్షిణ ఇచ్చి శాలువా కప్పుతాం’ అని శిల్పితో ఎవరూ అనరు. అతను డబ్బు తీసుకున్నాడని ఆ విగ్రహానికి మొక్కడం మానేసినవాళ్లూ లేరు. రాయి చెక్కే చేతికి రేటు ఉన్నప్పుడు చెక్కలు వాయించే చేతికి ఎందుకు ఉండకూడదు?

కుర్రాళ్లకు డ్యాన్సు కావాలంటారు. చెక్కభజనను దగ్గర నిలబడి చూసినవాళ్లు ఆ మాట అనరు. చేతిలో బిళ్లలు బిగించిన చెక్కల జత, కాళ్లకు గజ్జెలు, నడుముకు రంగుల గుడ్డ. గురువు పాట ఎత్తుకుంటే చుట్టూ ఉన్న వలయం అందుకుంటుంది. కాలం పెరిగేకొద్దీ చెక్కల మోతా గజ్జెల మోతా ఒకటైపోవాలి. ఒక్కడి అడుగు తప్పితే వలయమంతా చెదురుతుంది. ఆ పొందిక కుదరాలంటే, పొలం పనులు ముగిశాక నెలల తరబడి రాత్రిళ్లు గురువు నేర్పాలి, కుర్రాళ్లు నేర్చుకోవాలి. వృద్ధ కళాకారుల పింఛను ఆ గురువు మందులకు అక్కరకొస్తుంది, కాదనను. పదిహేడేళ్ల కుర్రాడి కాలికి గజ్జె కట్టించడం మాత్రం దానివల్ల కాదు. వచ్చే నెలలో రెండు పెళ్లిళ్లు ఒప్పుకున్నామన్న కబురు కట్టిస్తుంది.

ఇదే మాట డప్పుకూ వర్తిస్తుందంటే, ఒక అభ్యంతరం బరువైనది. డప్పు కళ పేరుతో మళ్లీ పాత కులవృత్తిని నెత్తిన పెడుతున్నారా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిందే. చావుకూ జాతరకూ పిలవగానే వచ్చి కొట్టి తీరాలన్నది వెట్టి. అందులో రేటు చెప్పే నోరు లేదు, రానని చెప్పే దారి లేదు. ఆ రెండూ ఉన్నచోట అది ఉద్యోగం లాంటిదే. కాబట్టి ఫలానా వాడకు కబురు పంపి మనుషుల్ని రప్పించకండి, బృందంతో మాట్లాడుకోండి. వాళ్లు కుదరదంటే డీజేవాడు కుదరదన్నప్పుడు ఎలా ఊరుకుంటారో అలాగే ఊరుకోండి.

అన్నీ అద్దెకు దొరకాలని కూడా నేననను. అహోబిలం పారువేటలో చెంచులు స్వామి పల్లకీ మీదికి బాణాలు వేస్తారు. చెంచులక్ష్మి వాళ్ల ఆడపిల్ల, నరసింహుడు వాళ్ల అల్లుడు, అది వాళ్ల హక్కు. దాన్ని బర్త్‌డే స్టేజీ మీద వేయించాలనుకోవడం అసహ్యం. మొక్కుకూ ప్రదర్శనకూ నడుమ గీత ఎక్కడుందో ఆడేవాళ్లకే బాగా తెలుసు. వాళ్లను అడిగితే చెప్తారు.

ఈమధ్య కొన్ని పెళ్లిళ్లలో చెక్కభజన, డప్పు బృందాలను పిలుస్తున్నారు, నిజమే. ఎలా? గేటు దగ్గర ఎండలో నిలబెట్టి, పెళ్లికొడుకు కారు దిగగానే పది నిమిషాలు ఆడించి, డ్రోన్ షాటు అవగానే పక్కకు తప్పిస్తారు. చివరి బంతిలో భోజనం. డబ్బుల దగ్గర మళ్లీ గీచిగీచి బేరం. తలంబ్రాలప్పటి స్టేజీ అలంకరణకు లేని బేరం ఇక్కడ దేనికి?

కాబట్టి చేయాల్సినవి చాలా మామూలు పనులు. రానూపోనూ బండి ఖర్చు కలిపి రేటు మాట్లాడండి. అడ్వాన్సు ముందే ఇవ్వండి. డీజేని ఓ గంట ఆపి, స్టేజీ ముందు చోటిచ్చి, మైకు సరిగ్గా ఉందో లేదో చూడండి. బంధువుల బంతిలోనే కూర్చోబెట్టండి. శాలువా కప్పాలనిపిస్తే ఆ తర్వాత కప్పండి. కళ బతకాలని కోరుకునేవాళ్లు ముందు దాని రేటెంతో అడగాలి.