ఒడ్డున హాయిగా ఉండొచ్చు కదా!

2025 మే 29న నేవీ ఆఫీసర్లు దిల్నా, రూప ప్రపంచాన్ని చుట్టి గోవా చేరారు. ఇద్దరే ఇద్దరు, 17 మీటర్ల 'తారిణి' తెరచాప పడవలో, దాదాపు ఎనిమిది నెలల ప్రయాణం. ఆ వార్త చూసి మా పక్కింటావిడ "మంచి ఉద్యోగం ఉందిగా, ప్రాణం మీదికి తెచ్చుకోవడమెందుకో!" అన్నారు. చాలామంది అనుమానం అదే.

నిజమే, ప్రమాదం చిన్నదేం కాదు. 1998లో సిడ్నీ-హోబర్ట్ పందెంలో తుఫాను రేగి ఐదు పడవలు మునిగాయి, ఆరుగురు చనిపోయారు. 2018లో గోల్డెన్ గ్లోబ్ రేసులో ఒంటరిగా వెళ్తున్న మన అభిలాష్ టామీకి హిందూ మహాసముద్రంలో వెన్నెముక దెబ్బతింది. తెరచాప కొయ్యలు విరిగిన పడవలో కదల్లేక పడి ఉంటే ఫ్రెంచి ఓడ వచ్చి కాపాడింది. అంత జరిగాక కూడా ఆయన 2022లో మళ్లీ అదే రేసుకి వెళ్లి, రెండో స్థానంలో నిలిచారు!

ఇదేం పిచ్చి అంటారా? నాకలా అనిపించదు. వీళ్లు ప్రమాదాన్ని ముందే లెక్క వేసుకుంటారు. దిల్నా, రూప మూడేళ్లు సాధన చేశారు. నేర్పినవాళ్లలో అభిలాష్ కూడా ఉన్నారు. ముందు మారిషస్‌కి ఇద్దరే వెళ్లొచ్చి, ఆ తర్వాతే భూమి చుట్టూ బయల్దేరారు. ఎంత జాగ్రత్తపడ్డా కొంత ముప్పు మిగులుతుంది. దాన్ని ఒప్పుకుంటారు. ఎందుకంటే అక్కడ నిర్ణయం తమదే, ఫలితమూ తమదే. ఆ తృప్తి ఇంకెక్కడా దొరకదు.

ఇంకో ధైర్యం కూడా ఉంది. 2022 రేసులో టాపియో లెహ్టినెన్ పడవ మునిగిపోతే, అదే పోటీలో ఉన్న కిర్‌స్టెన్ నాయ్‌షాఫర్ దారి మళ్లించుకుని వెళ్లి ఆయన్ని కాపాడింది. 2023లో ఆ రేసు గెలిచిందీ ఆమే. సముద్రం మీద ఒకరికొకరు ఉన్నారన్నమాట.

ఇంట్లోవాళ్ల దిగులు, కాపాడేవాళ్లకయ్యే ఖర్చు... ఈ అభ్యంతరాలు కొట్టిపారేయదగ్గవి కావు. కానీ ఆడపిల్ల అనేసరికి మనం లెక్కలదాకా వెళ్లకుండానే వద్దనేస్తాం. 2017-18లో ఇదే తారిణిలో ప్రపంచాన్ని చుట్టిన ఆరుగురిలో విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారు. వాళ్లూ మనలాంటి ఇళ్లలోంచి వచ్చినవాళ్లే.

రేపు మనమ్మాయి కూడా ఇలాంటి కోరిక చెబితే "నీకెందుకే" అనొద్దు. ఎవరు నేర్పుతారు, ఎన్నాళ్లు నేర్చుకుంటావు, ఆపదొస్తే ఎవరొస్తారు అని అడుగుదాం. సరైన జవాబులు చెప్పగలిగితే సగం సిద్ధమైనట్టే.