సమాచార రక్షణ – సంబంధాల పటం

సమాచార భద్రత అనగానే మన సంస్థల పెద్దలకు స్ఫురించేది యంత్రం, దానికొక తాళం. తాళం కొనడం తప్పు కాదు. కాని ఆ తాళంచెవి ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోతున్నదో విచారించడం అంతకన్న ముఖ్యమని మా అభిప్రాయం. ఆ విచారణకు ఉపకరించే సంబంధజాల విశ్లేషణను కంప్యూటర్ విద్యార్థులకే గాక వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు కూడా బోధింపవలెనని కమిటీవారికి మనవి చేస్తున్నాము.

శాస్త్రం కొత్తది కాదు. మనుషులను చుక్కలుగా, వారి సంబంధాలను గీతలుగా 1934లోనే మొరీనో తన గ్రంథంలో చూపినాడు. ఒక చుక్క ఇతర చుక్కల నడుమ ఎంతగా వారధియై నిలిచినదో లెక్కించే కొలతను 1977లో లింటన్ ఫ్రీమన్ వివరించినాడు. మనకు కావలసినది ఈ కొలతయే. ఎక్కువ గీతలున్నవాడు అందరికీ కనబడతాడు. రెండు విభాగాల నడుమ ఏకైక వారధియైనవాడు కనబడడు. అతడు గుమాస్తా కావచ్చు, అటెండరు కావచ్చు, అసలు బయటివాడే కావచ్చు. 2013లో అమెరికాలోని టార్గెట్ దుకాణాల సంస్థనుండి సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు అపహరింపబడినవి. దొంగలు ప్రవేశించినది శీతలీకరణ పనులు చేసే ఒక గుత్తేదారు సంస్థకిచ్చిన అనుమతితో! ఉద్యోగుల పట్టికలో కానరాని ఆ గీత సంబంధాల పటంలో ఉండవలసినదే.

బోధన నల్లబల్లపైనే ప్రారంభించవచ్చు. స్కాలర్‌షిప్ దరఖాస్తునే తీసుకొందాం. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, కుటుంబ ఆదాయం గల ఆ కాగితం జిరాక్సు దుకాణం, ఇంటర్నెట్ కేంద్రం, కార్యాలయపు బల్ల — ఇట్లు ఎన్ని చేతులు మారుతుంది? ఒక్కొక్క మజిలీకి ఒక్కొక్క చుక్క. "మీరు సెలవులో ఉంటే మీ పాస్‌వర్డు ఎవరివద్ద ఉంటుంది?" అనే ఒక్క ప్రశ్నతో సగం పటం పూర్తి కాగలదు. మన పెద్దలు దాచమని ఇచ్చినదానిని అమానత్ అన్నారు; విద్యార్థి ఖాతా సంఖ్య కూడా అమానతే కదా.

ఇందొక చిక్కు లేకపోలేదు. మామూలు సర్వేలో పేర్లు అడగకుండా ఉండవచ్చు. ఇక్కడ పేరు లేనిదే గీత లేదు. నోరు విప్పనివాడు సైతం ఇతరుల సమాధానాల ద్వారా పటమెక్కుతాడు. ఆ పటాన్ని అధికారులు శిక్షలకు వాడినచో మరుసటి యేడు ఎవరూ నిజం చెప్పరు. పైగా పూర్తయిన పటం దొంగకు దారిచూపే దీపం. గీయకముందు ఉద్యోగుల సమ్మతి, గీసిన పిదప పటానికే తాళం — ఈ రెండూ పాఠంలో తొలి గంటలోనే చెప్పవలెను.

వచ్చే విద్యాసంవత్సరంలో చివరి సంవత్సరపు విద్యార్థులకు వారానికి రెండు గంటలు కేటాయించిన చాలును. కంప్యూటర్లు చాలకున్నను పరవాలేదు. ఇరవై మంది ఉన్న కార్యాలయపు పటాన్ని పెన్సిలుతోనే గీయవచ్చును.