నల్లమలను కోసిన కృష్ణ

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే బస్సు మన్ననూరు చెక్‌పోస్టు దాటే వేళకు ప్రయాణీకులలో సగంమంది కునుకు తీస్తూ ఉంటారు. చీకటితో లేచి బయలుదేరినవాళ్ళను తప్పుపట్టడ మెందుకు గాని, చూడవలసిన దంతా సరిగ్గా అక్కడే మొదలవుతుంది. వాళ్ళు కళ్ళు నులుముకుని చూసేసరికి దోమలపెంట దాటి, రోడ్డు మెలికలు తిరుగుతూ కృష్ణలోకి దిగుతూ ఉంటుంది.

ముందు పేరు సంగతి. 'మల' అంటే కొండ. తిరుమలలో, ఎర్రమలలో ఉన్నదీ ఈ మాటే. విడిగా వాడడం మనం ఏనాడో మానేశాం. ఊళ్ళ పేర్లూ కొండల పేర్లూ మాత్రం దానిని దాచిపెట్టాయి. పేరు విని అక్కడి రాళ్ళు నల్లగా ఉంటాయనుకునేరు! నలుపంతా దూరంనుంచి చూస్తే కనిపించే అడవిది. అదైనా ఏడాది పొడుగునా ఉండదు. ఎండాకాలం వస్తే టేకూ, మద్దీ ఆకు రాల్చి, కొండ గోధుమరంగుకు తిరుగుతుంది.

రాళ్ళ మాట వచ్చింది గనుక మా రాయదుర్గాన్ని ఒకసారి తలచుకోక తప్పదు. ఇక్కడ అద్దాల మేడలకోసం పునాది తవ్వితే తగిలేది నల్లరాయి, అదే గ్రానైటు. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. దుర్గం చెరువు గట్టున గుండ్రంగా, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ బండలు ఆ జాతివే. ఇదే జాతి రాయి అమ్రాబాదు దాకా సాగి, అక్కడ మరొక రాతి కిందికి దూరిపోతుంది. పైనున్నది ఒకప్పటి సముద్రపు టొడ్డు ఇసుక. కోట్ల ఏళ్ళ బరువుకు గట్టిపడి, పొరలు పొరలుగా పలకలైంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి 'శ్రీశైలం క్వార్ట్‌జైటు' అని పేరు పెట్టారు. మల్లన్న పేరు రాతికి కూడా దక్కిందన్నమాట.

ఈ పలకరాయి గట్టిది. నీటికి ఒక పట్టాన అరగదు. అందుచేత తుంగభద్రను కలుపుకుని వచ్చిన కృష్ణ నల్లమలలో వెడల్పుగా పారలేక, నిలువునా కోసుకుంటూ పోయింది. రెండు ప్రక్కలా గోడల్లాంటి కొండలు, అడుగున నది. పైనుంచి దిగిన యాత్రికుడు ఆ రేవును పాతాళగంగ అన్నాడంటే అతిశయోక్తి ఏమీ లేదు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించి కీర్తి పొందాడు. రాజ్యాలు గెలిచిన రాజులు చాలామంది ఉన్నారు గాని, మోకాళ్ళ నొప్పులవాళ్ళు తలచుకునే రాజు ఈయన ఒక్కడే కాబోలు!

లోయ ఎంత ఇరుకో అంకెలలో చెబుతాను. నాగార్జునసాగరంలో, మట్టికట్టలతో కలిపి, ఆనకట్ట పొడవు 4,800 మీటర్లకు పైమాట. శ్రీశైలం దగ్గర 512 మీటర్లతో సరిపోయింది. ఎత్తు మాత్రం సాగరంకన్నా ఎక్కువ, 145 మీటర్లు. కొండలు చేయవలసిన పని కొండలే చేసిపెట్టాయి. నీరు 885 అడుగుల మట్టానికి చేరితే వెనుక ఎంతోదూరం సముద్రమే. ఆ సముద్రం అడుగున వందకు పైగా గ్రామాలున్నాయి. సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో కొన్నాళ్ళు బయటపడుతుంది. భక్తులు గబగబా పూజలు చేసుకుని వస్తారు, మళ్ళీ మునిగిపోతుంది.

హైదరాబాదు వాళ్ళకు ఒక మాట: శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలంటారు. త్రిపురాంతకం, సిద్ధవటం, అలంపురం మూడు. ఉత్తర ద్వారం అచ్చంపేట ప్రక్కనున్న ఉమామహేశ్వరం. కొండచరియను ఆనుకుని గుడి, రాతినుంచి ఊరే నీరు. కారు ఆపి చూసేవాళ్ళు తక్కువ.

దోమలపెంట, ఈగలపెంట అన్న బోర్డులు చూసి బస్సులో పిల్లలు పకపకా నవ్వుతారు. పెద్దలూ తక్కువ తినలేదు. కోస్తాలో పెంట అంటే ఎరువుదిబ్బ గాని, నల్లమలలో చెంచుల గూడేనికి పెంట అని పేరు. నిలువు కొండకు నారతాడు కట్టి, దానిమీద దిగి తేనెపట్టు కోసే మనుషులు వాళ్ళు. నరసింహస్వామికి పిల్లనిచ్చిన మేనమామలమని గర్వంగా చెప్పుకుంటారు. పులుల అభయారణ్యం పేరిట వాళ్ళను బయటికి తరలించాలన్న మాట అప్పుడప్పుడూ లేస్తూనే ఉంటుంది. పులీ, చెంచూ ఒకే అడవిలో ఇన్ని తరాలు బతికిన సంగతి మనకన్నా పులికే ఎక్కువ తెలుసు.

పైన పలకరాయీ, కింద గ్రానైటూ కలిసే అతుకు ఉన్నదే, అక్కడే యురేనియం ఉండేది. నల్లగొండ జిల్లా లంబాపురం, చిత్రియాల ప్రాంతాలలో దొరికింది ఆ అతుకులోనే. అమ్రాబాదు అడవిలోనూ వెతుకుతారన్న కబురుతో గొడవ లేచి, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకం వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

సొరంగం సంగతి అంత తేలికగా తేలేది కాదు. శ్రీశైలం నీళ్ళు ఎత్తిపోయకుండా, వాలుమీదనే నల్లగొండకు చేర్చాలని కొండ అడుగున సుమారు 44 కిలోమీటర్ల దారి తలపెట్టారు. ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిన మనుషుల జిల్లా అది. వద్దనడానికి నోరు రాదు. ఇంత పొడుగు సొరంగానికి మామూలుగా మధ్య మధ్య పైనుంచి బావులు దింపుతారు, గాలికీ, ఆపదలో మనుషులు బయటపడడానికీ. ఇక్కడ పైనున్నది పులుల అడవి. బావులు లేవు. 2025 ఫిబ్రవరి 22 ఉదయం దోమలపెంట వైపునుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల కప్పు కూలి, నీరూ బురదా ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఎనిమిదిమంది చిక్కుకున్నారు. నెలల తరబడి తవ్వినా ఇద్దరి దేహాలే బయటికి వచ్చాయి.

ఇంకా తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు తవ్వవలసి ఉన్నది. 2025 నవంబరులో మన్నెవారిపల్లి దగ్గర హెలికాప్టరుకు పెద్ద తీగచట్రం వేలాడదీసి, హబ్సిగూడ భూభౌతిక పరిశోధనాసంస్థవారు అడవిమీద తిప్పారు. కొండలో పగుళ్ళు ఎక్కడ ఉన్నాయో, నీరు ఎక్కడ దాగి ఉన్నదో పైనుంచే కనిపెట్టడానికి.